కోమలక్క అడిగిన పేర్లు

నేను నూరుద్దీన్. చిట్యాలల ఇంటింటికి ఇంటర్నెట్ వైరు గుంజుడు, డబ్బ బిగించుడు, చెడిపోతె బాగుజేసుడు నా పని. అంతకు ముందు పదేండ్లు కేబుల్ టీవీల చేసిన. నా ఫోన్ల రెండువందల అరవై ఇండ్ల నంబర్లున్నయి. అండ్ల ఒక్క నంబర్ మోగితె మాత్రం నాకు చిర్రెత్తుకొస్తుండె. అది కోమలక్క నంబర్.

"తమ్మీ, నెట్టు సతాయిస్తాంది. జర వచ్చి పో" అంటుండె. పోయి చూస్తె ఏం లేకుండె. డబ్బ మీద లైట్లన్ని పచ్చగ వెలుగుతుండె. స్పీడు పూరా వస్తుండె. "మంచిగనే ఉంది గదక్కా" అంటె, "ఇందాక సతాయించింది, నిన్ను చూసి భయపడి సక్కగైంది" అంటుండె. అనుకుంటనే పొయ్యి మీద చాయ్ గిన్నె పెడుతుండె. వద్దంటె వింటె గద. నెలకు మూడుసార్లు, ఒకోపాలి నాలుగుసార్లు. బయట తొమ్మిది ఇండ్ల కంప్లైంట్లు నా నెత్తి మీద కూసోని ఉంటె, నేను ఈమె కాడ అల్లం చాయ్ తాక్కుంట, దవాఖానకు ఆనాడు ఎవలొచ్చిండ్రో, ఏ ముసలామె బీపీ గోలి ఇస్తె మనుమనికి చాక్లెట్ అనుకొని దాసిపెట్టిందో ఇనాలె. ఆఖరికి కంపెనీ యాప్‌ల "లోపం ఏమీ లేదు" అని కొట్టి బయటపడుతుంటి.

ఒకసారి గేటు కాడ నిలబడి గట్టిగనే అన్న. "అక్కా, నెట్టు చెడిపోతెనే పిలువు. చాయ్ తాగనీకి పిలవకు. నాకు పని లేదనుకుంటున్నవా?" ఆమె మొఖం జర చిన్నగైంది గని నవ్వింది. "సరే తియ్యి" అన్నది. పది రోజులకు మల్ల ఫోన్. నెట్టు సతాయిస్తాందట.

ఇంట్ల నా భార్య కౌసర్‌కు చెప్పుకొని తిట్టుకుంటుంటి. కౌసర్ రొట్టెలు చేసుకుంట ఒకనాడు అన్నది, "ఆమె ఇంటికి నువ్వు గాక ఇంకెవలన్న పోతరా?" నేను ఆలోచించిన. పాలాయన గేటు కాడనే పోసి పోతడు. గ్యాస్ బండ పిల్లగాడు వాకిట్ల దించి పోతడు. లోపల కుర్చీల కూసుండి పోయేటోన్ని నేనొక్కన్నే. నాకు గప్పుడు సమజైంది. సమజైనంక గేటు కాడ అన్న మాటకు శాన సిగ్గైంది.

కోమలక్కది ఆత్మకూర్. పాలమూరు దిక్కు, కృష్ణ ఒడ్డుకు, జూరాల కట్టకు దగ్గర. పద్దెనిమిదేండ్ల కింద విజేందరన్నను చేసుకొని చిట్యాల వచ్చింది. విజేందరన్న హైవే పక్కన లారీల బ్రేకులు బాగుజేసే మెకానిక్. చెయ్యి మంచిదని విజయవాడ డ్రైవర్లు గూడ ఆయన కాడనే ఆగుతుండ్రి. తెలంగాణ వచ్చిన రెండో ఏడు, ఒకనాడు పొద్దుగాల బ్రేకు డ్రమ్ము విప్పుకుంట గుండె పట్టుకొని కూసున్నడు. దవాఖానకు తీస్కపోయేలోపలనే పానం పోయింది. పిల్లలు కాలే. ఆత్మకూర్ల అమ్మ అంతకు ముందే పోయింది, ఇగ అక్కడికి పోయి చేసేదేముంది. ఆమె ఇంటరు దాకా చదివింది గనుక ఎవలో పెద్దమనుషులు చెప్తె సర్కారు దవాఖాన మందుల గదిల పని దొరికింది. చీటి చూసి గోలీలు లెక్కబెట్టి కాయితంల మడిచి ఇచ్చే పని. పొద్దంత కిటికీ ముంగట వందమంది. ఒకలకు దగ్గు, ఒకలకు మోకాళ్లు, ఒకలకు కోడలు. అందరి బాధ ఇంటది. ఐదు కొట్టినంక తాళం తీసి ఇంట్లకు పోతె, నిన్న పెట్టిన గిలాస నిన్న పెట్టిన కాడనే ఉంటది.

ఆమెకు ఊర్ల దిక్కు అంటె ఒక్క బావనే. విజేందరన్నకు సొంత అన్న, బెంజమిన్ సార్. ఆర్టీసీల కండక్టర్ చేసి రిటైరైండు. రెండు గల్లీల అవతల ఉంటడు. వాళ్ల చర్చి సంఘంల పెద్ద. మనిషి చెడ్డోడు గాదు గని మాట కటువు. బస్సుల చిల్లర లేదన్నోన్ని చూసినట్టు చూస్తడు ఎవలనైనా. ఆదివారం ఆరాధన అయినంక లేచి నిలబడి, సంఘంల ఎవల తొవ్వ వంకరైందో నలుగురిల చెప్పే అలవాటుంది. ఆయన లేచి నిలబడ్డడంటె ఆడోల్లు కొంగులు సదురుకుంటరట.

కోమలక్క ఇంటికి నెట్టు పెట్టింది నేనే. అప్లికేషన్ నింపింది నేనే. ఫోన్ నంబర్ చెప్పక్కా అంటె, "బావ నంబర్ రాయి తమ్మీ, గ్యాస్ మీద గూడ గదే ఉంది" అన్నది. రాసిన. మెయిల్ అడిగితె అది గూడ బావదే. పింఛన్ కాయితాల కోసం ఆయన ఎప్పుడో చేయించుకున్న మెయిల్. మా దగ్గర గంతే. ఒంటిగున్న ఆడమనిషి ఇంటికి ఏ కాయితం రాసినా మొగోని నంబరే పడ్తది. అడిగెటోడు అడుగడు, రాసెటోడు ఆలోచించడు. పైసలు కట్టేది ఆమెనె, వాడేది ఆమెనె, ఏ ఓటీపీ వచ్చినా బావకు ఫోన్ చేసి అడుక్కునేది గూడ ఆమెనె. నేను ఇసువంటి అప్లికేషన్లు ఎన్ని నింపిన్నో లెక్క లేదు.

నిరుడు కాదు, మున్నటేడు ఎండకాలంల సంగతి. దవాఖానల ఒక నర్సమ్మ, కరెంటు బిల్లు కట్టలేదని వచ్చిన లింకు మీద కొడ్తె ఆమె బ్యాంకు ఖాతా ఊడ్చుకపోయింది. కోమలక్కకు గుబులు పట్టింది. నాకు ఫోన్ చేసి, "తమ్మీ, గిసువంటి దొంగ లింకులు నా ఇంట్లకు రాకుండ ఏమన్న ఉన్నదా?" అని అడిగింది. నిజమైన పని చెప్పిందని నాకు సంతోషమైంది. పోయి కూసున్న. చాయ్ వచ్చింది.

"అక్కా, డీఎన్ఎస్ మారుద్దాం" అన్న.

"అదెవడు?"

"మన చౌరస్తల పాన్ డబ్బ పర్వతాలు లేడా? బస్సు దిగినోడు ఎవలింటికి పోవాలన్నా ముందుగాల పర్వతాలునే అడుగుతడు గద. ఫలానోల్ల ఇల్లు యాడ అంటె వాడు తొవ్వ చెప్తడు. గట్లనే నువ్వు ఫోన్ల ఒక పేరు కొడ్తవు. నెట్టుకు పేర్లు తెల్వయి, నంబర్లే తెలుసు. ఆ పేరుకు నంబర్ ఏందని మన డబ్బ ఒకన్ని అడుగుతది. వాడే డీఎన్ఎస్. ఎవన్ని అడగాలెనో మనమే పెట్టుకోవచ్చు."

"ఇప్పుడు నా డబ్బ ఎవన్ని అడుగుతాంది?"

"నువ్వేం చెప్పలేదు గనుక మా కంపెనోన్నే. వాడు ఒకోపాలి కునుకు తీస్తడు."

ఆమె నవ్వింది. తర్వాత ఒక్కొక్కటి అడిగింది, నేను చెప్పిన. నాలుగు ఎనిమిదుల నంబరుది ఒకటుంది, లోకమంత వాడుతది, ఉరుకుతది. గని మంచి ఇల్లా దొంగల ఇల్లా అని చూడది, అడిగినదానికి తొవ్వ చెప్పుడే దాని పని. ఇంకొకటుంది, తొవ్వ చెప్పి మర్చిపోతది, ఎవలు అడిగిండ్రో యాడ రాసుకోను అంటది. మూడోది కాపలాది. దొంగల ఇల్లని తెలిస్తె తొవ్వ చెప్పనే చెప్పది. పైంగ వారానికోపాలి, ఈ ఇంట్లకెంచి ఏ ఏ పేర్లకు తొవ్వ అడిగిండ్రు, ఎన్నిసార్లు అడిగిండ్రు అని లిస్టు రాసి పంపిస్తది. పిల్లలున్నోల్లకు పనికొస్తది.

"లిస్టు ఎవలికి పంపిస్తది?"

"ఇంటోల్లకు."

"ఇంట్ల నేనే ఉంటి గద" అని నవ్వింది. "కాపలాదే పెట్టు తమ్మీ. ఇంటికి ఒక కాపలన్న ఉంటది."

పెట్టిన. దానికి ఖాతా తెరవాలె, మెయిల్ ఇయ్యాలె, ఫోన్ నంబర్ ఇయ్యాలె. అప్లికేషన్ నా ఫోన్లనే ఉండె. దాంట్ల ఉన్నది ఉన్నట్టు ఎక్కించిన. ఓటీపీ బావ ఫోన్‌కు పోయింది, కోమలక్క ఫోన్ చేస్తె ఆయన ఆరు అంకెలు చదివి పెట్టేసిండు. ఆమె నా పక్కనే ఉంది. నాకు తట్టలే, ఆమెకు తట్టలే. ఆమె ఇంటి ఓటీపీలన్ని అటే పోతుండె గనుక ఇద్దరికీ అది వింతగ కొట్టలే. ఇంటోల్లకు లిస్టు పోతది అని నోటితోటి చెప్పుకుంట, చేతితోటి బావ మెయిల్ కొట్టిన. అట్లాంటి బుద్ధి నాది.

తర్వాత ఏడాదిన్నర మంచిగనే గడిచింది. దొంగ లింకు ఒకటి వస్తె ఎర్ర తెర పడి ఆపింది గూడ. కోమలక్క దవాఖానల అందరికీ చెప్పుకున్నది.

మొన్న వానకాలం పోయేముందు, ఒక సోమవారం ఫోన్ చేసింది. నెట్టు సతాయిస్తాంది అనలే. "నూరుద్దీన్, రాగలవా?" అన్నది. పోయిన. పొయ్యి మీద గిన్నె లేదు. తలుపు పక్కన నిలబడి అడిగింది, "నేను నెట్టుల ఏం చూస్తున్ననో ఎవలికన్న తెలుస్తదా?"

"ఎందుకక్కా?"

"నిన్న ఆరాధన అయినంక బావ లేచిండు. చాటున జేస్తె ఎవలికి తెల్వదనుకుంటున్నరు కొందరు, అన్ని తెలుస్తున్నయి, సమయం వస్తె పేరు పెట్టి చెప్తా అన్నడు. అన్నప్పుడు నా దిక్కే చూసిండు."

నాకు కాపలాది యాదికొచ్చింది. లిస్టు యాదికొచ్చింది. ఫోన్ తీసి అప్లికేషన్ తెరిచిన. బెంజమిన్ అని పేరు, ఆయన నంబరు, ఆయన మెయిల్. అబద్ధం చెప్దామనిపించింది, ఉన్న మాట ఒప్పుకుంటున్న. ఎవలికి తెల్వదక్కా అని చాయ్ తాగి పోతె అయిపోతుండె. గని ఆమె కండ్లల్ల కండ్లు పెట్టి చూస్తాంది.

"తప్పైందక్కా" అన్న. "వారం వారం లిస్టు మీ బావ మెయిల్‌కు పోయింది."

ఆమె తలుపు పక్కనే కింద కూసున్నది. నేను నిలబడే ఉన్న. తర్వాత తనే చెప్పింది, తల ఎత్తకుంట. క్రైస్తవుల రెండో పెండ్లి సంబంధాల సైటు ఒకటుందట. రెండేండ్ల సంది చూస్తాందట. కోస్గిల ఒక లెక్కల సారు, భార్య చనిపోయింది, నలభై తొమ్మిదేండ్లు. ఆయన ఫొటో చూసింది. దవాఖాన కాంచి రాంగనె చెప్పులు విడిచి ముందు గదే తెరుస్తుండెనట, ఇంక ఉన్నడా, ఆయనకు కుదిరిందా అని. ఒక్క అక్షరం రాయలే. "ఏమని రాయాలె తమ్మీ? నలభై నాలుగేండ్లొచ్చినయి, సిగ్గైంది." ఎండకాలంల ఆ ఫొటో సైటుల లేకుండ పోయింది. ఐనా రోజు తెరుస్తనే ఉందట.

"ఏం చూసిన్నో గూడ ఉంటదా అండ్ల?"

"లోపల ఏం చూసినవో ఉండది. సైటు పేరుంటది. ఎన్నిసార్లు అడిగినవో ఉంటది."

"పేరే చాలు. దాని పేర్లనే ఉంది రెండో పెండ్లని" అన్నది.

ఆమె బతుకు ఎట్లున్నదో నాకు గప్పుడు తెలిసింది. ఆ పేరు సంఘంల బెంజమిన్ సార్ నోట్లకెంచి వస్తె, విజేందర్ పెండ్లాం గిట్లాంటిదట అని ఊరు నవ్వితె, ఆమె మందుల గది కిటికీ ముంగట ఎట్ల కూసుంటది? ఉన్నది గా సంఘం ఒక్కటే, గా బావ ఒక్కడే. నేను నా అలవాటుతోటి ఆ రెండిటినీ ఆమెకు లేకుండ చేస్తి.

ఖాతా మార్చాలన్నా ఓటీపీ ఆయన ఫోన్‌కే పోతది. ఫోన్ల అడుగుదామంటె కోమలక్క వద్దన్నది, మొఖం చూసి అడుగుతా అన్నది. ఆయనేమో భార్య ఎస్తేరమ్మను తీస్కొని నల్లగొండల చుట్టాల ఇంటికి పోయిండు, గురువారం వస్తడు. మూడు రోజులు ఆగాలె.

ఆ మూడు రోజులు ఆమె నాకు ఫోన్ చేసింది. మంగళారం నాడు, "దవాఖాన బంద్ పెట్టి ఆత్మకూర్ పోతా, ఎవలింట్లనన్న కిరాయికి ఉంటా" అన్నది. బుధవారం గొంతు మారింది. "తమ్మీ, ఆయనకు ఏడాదిన్నర సంది తెలుసు గద. తెలిసి గూడ ఒక్క మాట అనలే. మొన్న క్రిస్మస్ నాడు నన్ను పక్కకు పిలిచి, నీ బతుకు నీది బిడ్డా, ఎవలేమన్న పట్టించుకోకు అన్నడు. గప్పుడు నాకు సమజ్ గాలే. తెలిసే అన్నడేమో. నన్ను ఒప్పుకొనే అన్నడేమో." నేను ఊ అన్న. "గట్లయితె ఆయన లిస్టు చదివిన ప్రతిసారి నా గురించి అనుకున్నట్టే గద" అన్నది. నేను స్తంభం మీద ఉన్న. ఆశ పెట్టుకోవద్దని చెప్పనీకి నాకు మనసు రాలే.

గురువారం ఐదు గొట్టంగ ఆమె దవాఖాన కాంచి సక్కగ వచ్చింది, నేను బండి మీద పోయి వాళ్ల గల్లీల కలిసిన. బెంజమిన్ సార్ వాకిట్ల కుర్చీ ఏసుకొని పల్లికాయ ఒలుస్తున్నడు.

"వందనాలు బావా."

"వందనాలు. ఏందమ్మా, నెట్టాయన్ను గూడ ఎంబడి తీస్కొచ్చినవ్?"

"అక్క ఇంటి డబ్బల సెట్టింగ్ మార్చేదుంది సార్" అన్న. "మీ ఫోన్‌కు ఓటీపీ వస్తది. మెయిల్ గూడ ఒకసారి చూడాలె."

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నడు. కోమలక్క దిక్కు చూసిండు. "మొన్న ఆదివారం నేను మాట్లాడింది విన్నవా?"

"విన్న బావా."

"ఎవల గురించో సమజైందా?"

ఆమె సంచి పట్టీ ఏలుకు సుట్టుకున్నది సుట్టుకున్నట్టే ఉంది, ఏలు కొస తెల్లబడ్డది.

"ఆ గిరిగాడమ్మా. సంఘం కుర్చీలు పన్నెండు, వాని బామ్మర్ది ఫంక్షన్‌కని తీస్కపోయి రెండు నెలలు. అడిగితె తెచ్చినంటడు. చాటున దాసుకుంటె తెల్వదా? ఈ ఆదివారం పేరు పెట్టే అంటా." అని ఫోన్ నా చేతిల పెట్టి మల్ల పల్లికాయ అందుకున్నడు.

నేను మెయిల్ తెరిచిన. తెరవని మెయిల్లు నల్లగ మందంగ కనిపిస్తయి, తెరిచినయి పలుచనైతయి. కాపలాది పేరు కొట్టి వెతికిన. డెబ్బై ఆరు. పైనుంచి కిందిదాక అన్ని మందంగనే ఉన్నయి. మొదటి వారంది గూడ. ఒక్కటి తెరవలే.

"ఏందయ్యా గవన్ని?" అని ఆయన మెడ సాపి చూసిండు.

"కంపెనీ పంపిస్తది సార్, ఏం లేదు."

"నేను ఆ మెయిల్ల దిక్కు చూడనే చూడనయ్యా. పింఛన్ వస్తాంది, ఇగ దాంతోటి నాకేం పని? నువ్వు తీసేసేటియి ఉంటె అన్ని తీసెయ్."

కోమలక్క విన్నది. నేను ఆమె మొఖం చూడలే. ఓటీపీ వచ్చింది, ఖాతాల ఆయన నంబర్ తీసేసిన, మెయిల్ తీసేసిన. డెబ్బై ఆరు మెయిల్లు ఆయన ముంగటనే తుడిచేసిన. ఎస్తేరమ్మ లోపలికెంచి వచ్చి, "తిన్నవా కోమలా?" అని అడిగి, జవాబు రాకముందే పొయ్యి మీద పాలున్నయని లోపలికి పోయింది.

లేస్తుంటె బెంజమిన్ సార్ నాకు దోసెడు పల్లీలు ఇచ్చిండు. పని ఎట్లున్నదని అడిగిండు. "కంపెనోల్లు ఊకె గులుగుతున్నరు సార్" అన్న.

"పట్టించుకోకయ్యా" అన్నడు, నా భుజం తట్టి. "నీ బతుకు నీది. ఎవలేమన్న పట్టించుకోకు."

గేటు కాడ కోమలక్క అడుగు ఆగింది. ఒక్క క్షణమే. మల్ల నడిచింది.

ఆమె ఇంటిదాక నేను బండి నడిపించుకుంట పక్కన పోయిన. నాకు లోపల సంతోషంగనే ఉంది, అబద్ధమెందుకు. గండం గట్టెక్కింది, నా తప్పు ఎవలికి తెల్వకుంట పోయింది. ఇంట్లకు రాంగనె అన్న, "చూసినవా అక్కా, ఉత్తగ ఫికర్ పడ్డవు. ఒక్కటి గూడ తెరవలే ఆయన."

"దేవునికి స్తోత్రం" అన్నది. అని కుర్చీల కూసుండి ఏడ్వబట్టింది. నోరు మూసుకొని గాదు, దవాఖానల మనిషి పోతె ఏడ్చినట్టు ఏడ్చింది. నేను బిత్తరపోయిన. ఆడమనిషి ఒంటిగ ఏడుస్తాంటె ఇంట్ల ఉండాల్నా బయటికి పోవాల్నా తెల్వలే. తలుపు బార్ల తెరిచి గడప కాడ కూసున్న.

కొద్దిసేపటికి చెప్పింది. "ఆయన చదివి తిడ్తె ఊరు ఇడిసి పోదామనుకున్న. చదివి ఊకున్నడంటె కాళ్లు మొక్కుదామనుకున్న. మూడు రోజులు రెండిటికీ తయారైన తమ్మీ. చదవనే లేదంటె ఏం జెయ్యాలె?"

"మంచిదే గదక్కా."

"మంచిదే. మానం దక్కింది. గని ఏడాదిన్నర వారం వారం ఆ లిస్టుల నేను ఆ ఇంటికి పోయిన గద. ఏ వారం ఎన్ని కీర్తనలు ఇన్ననో, ఏ వారం ఎన్నిసార్లు పెండ్లి సైటు చూసిన్నో, జూరాలకు ఎన్ని నీళ్లొచ్చినయో అని మా ఊరి నీళ్లు చూసుకున్నది, అన్ని పోయినయి. తప్పు మనిషికే పోనీ. ఏందిది, ఎవలిది అని ఒక్కపాలన్న తెరవాలె గద." కొంగుతోటి ముక్కు తుడుచుకున్నది. "ఆయన మంచి మాట చెప్పిండని ఎనిమిది నెలలు దాసుకున్న. అది అందరికీ చెప్పే మాట. నీకు గూడ చెప్పిండు."

నాకు బెంజమిన్ సార్ మీద కోపమొచ్చింది. ఆయన చేసిన తప్పేందని ఆలోచిస్తె ఏం లేదు. తనది గాని ఉత్తరం తెరవలే, గంతే. కోపమంత తిరిగి నా మీదికే వచ్చింది. నేను ఎన్నిసార్లు ఆ చాయ్ గబగబ తాగి లేచిన.

కొంచెం తేరుకున్నంక డబ్బ ముంగట కూసున్న. "అక్కా, ఇగ ఈ కాపలాది వద్దు. రాసుకోనిది పెడ్తా. చెప్పి మర్చిపోతది. నువ్వు ఏ పేరు అడిగినా యాడ రాసుండది, ఎవలికి పోదు."

"ఎవలికీ?"

"ఎవలికీ. ఫికరే లేదు."

ఆమె డబ్బ మీది లైట్ల దిక్కు శానసేపు చూసింది. నేను నంబర్లు కొట్టనీకి తయారున్న.

"వద్దు తీ" అన్నది. "ఉన్నదాన్నే ఉంచు. నా నంబర్ రాయి. లిస్టు నాకే రానీ."

నాకు తెలిసినకాడికి రాసుకోనిదే మంచిది. తెలివి ఉన్నోడెవడైనా ఒంటి మనిషికి గదే చెప్తడు. చెప్దామని నోరు తెరిచిన గని ఆమె మొఖం చూసి మూసుకున్న. కోమల అని పేరు కొట్టిన. ఆమె నంబర్ కొట్టిన. మెయిల్ లేదంటె అప్పటికప్పుడు ఒకటి తెరిచి ఇచ్చిన. ఈసారి ఓటీపీ ఆమె చేతిలనే మోగింది. ఆరు అంకెలు ఆమెనే చదివింది, మెల్లగ, ఒక్కొక్కటి.

తర్వాతి సోమవారం పొద్దుగాల నేను హైవే పక్కన స్తంభం ఎక్కి, తెగిన వైరు అతుకుతున్న. కింద ఇద్దరు కంప్లైంటోల్లు నిలబడి నన్ను తొందర చేస్తున్నరు. ఫోన్ మోగింది. కోమలక్క.

"తమ్మీ, వచ్చింది" అన్నది.

"ఏమొచ్చిందక్కా?"

"లిస్టు. నా పేరు మీద. పనిల ఉన్నవా?"

కిందికి చూసిన. అండ్ల ఒకడు గడియారం చూపిస్తున్నడు. "లేదక్కా" అన్న.

ఆమె చదువబట్టింది. ఆరోగ్య శాఖ మందుల లెక్క, నలభై ఒకటి. కీర్తనలది, ముప్పై. జూరాల నీళ్లది, పన్నెండు. వంటలది, తొమ్మిది. ఒక్కొక్క పేరు చదివి, దాని ఎనక అంకె చదివి, ఊపిరి తీస్కొని మల్ల చదువుతాంది. కింద ఆయన ఏమో అంటున్నడు, నేను చెయ్యి ఊపి ఆగమన్న. ఫోన్ చెవుకు భుజానికి నడుమ ఇరికించి, వైరు ఇడిసి, స్తంభాన్ని రెండు చేతులా పట్టుకున్న.

"రెండో పెండ్లి సంబంధాలు" అని చదివి ఆగింది.

లారీలు పోతున్నయి. ఆమె ఊపిరి వినబడుతాంది.

"ఉన్నవా తమ్మీ?"

"ఉన్నక్కా. చదువు."

"పందొమ్మిది" అన్నది.